ధర్మవరంలో సంగటి పరీక్ష

"నువ్వే పోయిరా మే. నేనెందుకు ఆడ?" అన్నాడు నారాయణప్ప, మూడోసారి.

"రుచి ఎవరు చూస్తారు మరి, మీ నాయనొచ్చి చూస్తాడా?" అని కసురుకుంది ఉలిగమ్మ. "బస్సొచ్చే టైమాయె. చొక్కా మార్చుకో."

ధర్మవరంలో తెరవబోయే 'సీమముద్ద' హోటలుకు సంగటి చేసే మనిషి కావాలట. హిందూపురంలో పుట్టిన కంపెనీ అది. రెండేళ్ల కిందట పెనుకొండకొచ్చి, సరిగ్గా ఉలిగమ్మ చిన్న హోటలుకు ఎదురుగా అద్దాల తలుపులు బిగించింది. అప్పటినుంచే తన బల్లలు ఖాళీ అయ్యాయని ఆమె కడుపుమంట. వాళ్లను తిట్టని పూట లేదు. అలాంటిది ఆ కంపెనీ యజమాని దుర్గాప్రసాదే ఫోను చేసి రమ్మంటే ఒప్పుకుంది. ఏం చేస్తుంది పాపం! బాడుగ బాకీపడిందని హోటలు గది ఖాళీ చెయ్యమని దాని ఓనరు చెప్పేశాడు. ఈ పని దొరక్కపోతే అరవై దాటిన వయసులో ఆమె కూలికి పోవాల్సిందే. నారాయణప్పకు మోకాళ్లు పడిపోయి అదీ చేతకాదు. హోటల్లో అతనికి మిగిలిన పనల్లా రుచి చూడడం.

ఉలిగమ్మకు ఒక పట్టింపు ఉంది. వడ్డించకముందు వంట నోట పెట్టదు. వండే మనిషే ఎంగిలి చేస్తే పదిమందికి ఏం పెడతావని చిన్నప్పుడు వాళ్లవ్వ వీపు విమానం మోత మోగించింది. అందుకే నారాయణప్ప అరచేతిలో ఒక గరిటె పోస్తుంది, అతను నాకి చెబుతాడు. పెళ్లయినప్పటినుంచీ ఇదే వరస. బీపీ వచ్చిందని డాక్టరు ఉప్పు మానిపించాక ఆమె కూడు కూడా వేరైపోయింది. చప్పిడి మజ్జిగలో ఇంత ముద్ద పిసుక్కుని తాగేస్తుంది.

నారాయణప్ప ఒకప్పుడు మహా పేచీకోరు. "ఇది పప్పా? గొడ్లకు పొయ్యి!" అని వీధంతా వినబడేలా అరిచేవాడు. రెండేళ్ల కిందట విషజ్వరం తగిలి ఇరవై రోజులు మంచం పట్టాడు. లేచాక మనిషే మారిపోయాడు. ఏది పోసినా "బాగుండాది మే" అనడమే. అప్పుడప్పుడు "ఇంకొంచెం ఉప్పెయ్" అంటాడు, అంతే. ఆఖరికి ముసలితనంలోనైనా మొగుడికి తన మీద ప్రేమ పుట్టిందని ఉలిగమ్మ లోలోపల మురిసిపోయింది. రోజూ వచ్చే ఆటో ఆదెప్ప ఒకసారి తింటూ తింటూ ఆమెతో ఏదో చెప్పబోతే, నారాయణప్ప కుంటుకుంటూ వచ్చి అతణ్ణి బయటికి తీసుకుపోయాడు. ఆ తర్వాత ఆదెప్ప రాలేదు. వాడూ ఎదుటి హోటలుకే మరిగాడని ఆమె తిట్టుకుంది.

ధర్మవరంలో దుర్గాప్రసాద్ కొత్త హోటలు వాకిట్లోకి ఎదురొచ్చాడు.

"పెనుకొండలో చదువుకునేటప్పుడు మీ పుల్లగూర పప్పు తినని రోజు లేదమ్మా. ఆ రుచే నా ప్రతి హోటల్లోనూ ఉండాలని ఆశ. మావాళ్లు ఇప్పుడామె వంట అట్లా లేదన్నారు. నేనే పట్టుబట్టి మిమ్మల్ని పిలిపించుకున్నా."

"అట్లా లేదన్నోళ్ల నోట్లో మన్నుబడ!" అంది ఉలిగమ్మ నవ్వుతూనే. "ఒక గంట ఆగప్పా, నువ్వే చెబుదువు."

రాగిసంగటి ఉండలు కట్టకుండా గెలికింది. పుల్లగూర పప్పు గుత్తితో మెత్తగా ఎనిపింది. మొగుడి చేతిలో గరిటెడు పోసింది. నారాయణప్ప నాకాడు. పైకప్పు వైపు చూశాడు. అతని నుదుటికి చెమట పట్టింది.

"ఎట్లుండాది?"

అతను చొక్కా చేతితో నుదురు తుడుచుకున్నాడు.

"నోరిప్పవేమి? మన బతుకంతా దీనిమీద ఉండాది."

"ఇంకో... ఇంకో పిడికెడు ఉప్పెయ్" అన్నాడు నేల చూస్తూ.

వేసింది.

దుర్గాప్రసాద్ మొదటి ముద్ద ఆత్రంగా పెట్టుకున్నాడు. రెండో ముద్ద చిన్నదైంది. లోటాడు నీళ్లు తాగి, మెల్లగా ఆకు మడిచాడు. "ఫోను చేస్తాలేమ్మా" అన్నాడు ఆమె మొహం చూడలేక. మిగిలింది క్యారియరులో పెట్టించి, బస్టాండుకు ఆటో మాట్లాడి పంపాడు.

బస్టాండు బెంచీ మీద కూర్చున్నాక ఉలిగమ్మకు దుఃఖం ఆగలేదు.

"నాలుగు డబ్బులు జూస్తానే మా కూడు చేదైపోయిందా వానికి!" అంటూ క్యారియరు విప్పి మొగుడి ముందు పెట్టింది. "తిను. పొద్దున్నుంచీ ఏం తినలే నువ్వు."

నారాయణప్ప సంగటి విరిచి, పప్పులో అద్దుకుని గబగబా తిన్నాడు. "బాగుండాది మే. శానా బాగుండాది."

"మరి ఆయప్ప ఆకెందుకు మడిచె?"

అతను ఇంకో ముద్ద విరిచాడు. ఉలిగమ్మకు ఏదో అనుమానం వచ్చింది. వడ్డన ఎటూ అయిపోయింది, ఇంక ఎంగిలి పట్టింపు లేదు. డాక్టరు మాట పక్కనబెట్టి వేలితో ఇంత పప్పు నాలుకకు రాసుకుంది.

రాసుకున్నదాన్ని రాసుకున్నట్టే ఉమ్మేసింది. ఒట్టి ఉప్పు కషాయం. గొడ్డు కూడా మూతి పెట్టదు.

"అయ్యో దేవుడా! ఇన్నాళ్లూ జనానికి ఇదే పెడతాంటినా? ఆదెప్ప చెప్పబోయింది ఇదేనా?" అని నెత్తి బాదుకుంది. ఎదుటి హోటలును రెండేళ్లు తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. "నా మనసు నొచ్చుకుంటాదని బాగుండాది, బాగుండాది అంటివా? నీ ప్రేమ పాడుగాను, నిలువునా ముంచితివి గదయ్యా!"

నారాయణప్ప చేతిలోని ముద్దను క్యారియరులో పెట్టేశాడు.

"జ్వరమొచ్చినప్పట్నుంచి నా నాలుకకు ఏ రుచీ తెలీదు, ఉలిగీ."