మంగళవారం తెలిసినవాడు

ముగ్గురు మనుషులకి మూడు వేర్వేరు రోజులు చెప్పాడు పురుషోత్తమ్.

డ్రైవరు చంద్రుకి శుక్రవారమన్నాడు. స్టోర్సు గుమాస్తా నాగేశ్‌కి ఆదివారమన్నాడు. రవాణా విభాగం చూసే మునిశంకర్‌కి మంగళవారమన్నాడు. "నీకొక్కడికే చెబుతున్నాను" అని ముగ్గురితోనూ విడివిడిగా అనడం మరిచిపోలేదు.

కేజీఎఫ్‌లో పాత బంగారు గనుల సైనైడ్ దిబ్బల వెనక ఉన్న ఆ కేంద్ర ప్రభుత్వ సంస్థలో సైన్యం కోసం కొత్తరకం బండ్లు తయారవుతాయి. వాటి రూపం రహస్యం. పరీక్షకి బయటికి వెళ్లే రోజు అంతకన్నా రహస్యం. ఆ రహస్యాలను కాపాడే విభాగానికి పదకొండేళ్లుగా పురుషోత్తమే పెద్ద. చిత్తుకాగితాలను కూడా దగ్గర నిలబడి ముక్కలు చేయిస్తాడు. ఆఫీసులో ఏం జరిగిందని అడగడం అతని భార్య ఎప్పుడో మానేసింది.

అలాంటివాడి హయాంలో రెండుసార్లు గుట్టు రట్టయింది. రెండుసార్లూ బేతమంగళ రోడ్డు మలుపులో ఎవడో ముందుగానే కాపు కాశాడు. గాలికి టార్పాలిన్ లేచిన చోటల్లా బండిని వీడియో తీశాడు. సాయంత్రానికల్లా అది ఊరందరి ఫోన్లలోకీ ఎక్కింది.

"బయటికి చెబుతున్నది ఎవరో తేల్చండి. లేదంటే మీ విభాగాన్నే ఎత్తేస్తారు" అన్నారు డైరెక్టరు.

బండి బయల్దేరే రోజు ముందుగా తెలిసేది ఆ ముగ్గురికే. అందుకే ఈ ఉచ్చు. మలుపులో ఏ రోజు కెమెరా కనిపిస్తే, ఆ రోజు తెలిసినవాడే దొంగ.

నిజం చెప్పాలంటే ఉచ్చు ఇద్దరి కోసమే. చంద్రు నోరు ఊరుకోదు. నాగేశ్ చేతిలో ఫోను ఊరుకోదు. మునిశంకర్ మీద అతనికి ఏ అనుమానమూ లేదు. ఇరవై ఏళ్ల స్నేహం వాళ్లది. మధ్యాహ్నం ఒకరి క్యారియర్లో సంగటి ఇంకొకరు తింటారు. పైగా డీజిలు పోయించడానికీ, ముందూ వెనకా జీపులు సిద్ధం చేయడానికీ ఎవరో ఒకరికి నిజం చెప్పక తప్పదు. అందుకని మునిశంకర్‌కి చెప్పిన మంగళవారమే అసలు రోజు.

శుక్రవారం మలుపులో మేకలు తప్ప ఏమీ లేవు. ప్రయాణం వాయిదా పడిందని చంద్రుకి చెప్పేశాడు. ఆదివారమూ అంతే. నాగేశ్‌కీ అదే మాట చెప్పాడు. ఆ సాయంత్రం నుంచి పురుషోత్తమ్‌కి అన్నం సహించలేదు.

మంగళవారం పొద్దున బండి మలుపు తిరిగింది. మామిడితోట గోడ మీద ఒకడు ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. పురుషోత్తమ్ జీపు దిగేలోపు తోటలోకి దూకి మాయమయ్యాడు.

మునిశంకర్‌ని గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"నీకొక్కడికే చెప్పినాను శంకరా."

"అవునప్పా, నాకొక్కడికే చెప్పినావు. ఇంట్లో నా పెండ్లాం మునిలక్ష్మికి కూడా నేను చెప్పలేదు."

"మరి వాడికెట్ల తెలిసె?"

"నాకేం తెలుసు? దినామూ నీ పక్కనే కదా ఉంటాను. నేను యాడికి పోయినాను, ఎవురితో మాట్లాడినాను?"

"మిగతా ఇద్దరికీ అబద్ధం చెప్పినాను. నిన్ను నమ్మి నీకు నిజం చెప్పినాను."

మునిశంకర్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"నమ్మి చెప్పినావని నేను దొంగనైపోతినా ఇంగ?" అన్నాడు.

పురుషోత్తమ్‌కి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. గుట్టు బయటపెట్టినందుకు కాదు. పక్కన కూర్చుని ఇరవై ఏళ్లు తిన్న మనిషి, కళ్లలోకి చూస్తూ అబద్ధమాడుతున్నందుకు. తన ఇంటికి వచ్చి, తన పిల్లల్ని ఎత్తుకుని తిప్పిన మనిషి తనకే వెన్నుపోటు పొడిచాడు. ఆ రోజే కూర్చుని నివేదిక రాశాడు. స్నేహితుడని ఒక్క మాట కూడా తగ్గించలేదు.

వారంలో సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. గేటు దగ్గర అందరి ముందూ మునిశంకర్ గుర్తింపు కార్డు లాక్కున్నారు. క్యారియరు కూడా విప్పించి చూశారు. ఎప్పుడూ 'అప్పా' అనే మనిషి, "వస్తాను సార్" అని వెళ్లిపోయాడు.

నెల గడిచింది. విభాగం నిలబడింది. డైరెక్టరు మీటింగులో పేరు పెట్టి మెచ్చుకున్నారు. పురుషోత్తమ్ మాత్రం మధ్యాహ్నాలు తలుపు వేసుకుని ఒంటరిగా తింటున్నాడు. మనిషన్నవాణ్ని ఇక జన్మలో నమ్మకూడదనుకున్నాడు.

ఇంకో బండి సిద్ధమైంది. గురువారం ప్రయాణం. ఈసారి ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు. ఏర్పాట్లన్నీ ఆ రోజు పొద్దున్నే చేయించుకోవచ్చనుకున్నాడు.

ఎంత అధునాతనమైన బండైనా, ముందు దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టనిదే ఏ డ్రైవరూ తాళం ముట్టడు. ఆ పని ఆఫీసులో ఇంకొకరికి అప్పజెబితే రోజు తెలిసిపోతుందని, మొదటినుంచీ పురుషోత్తమే స్వయంగా చూసుకుంటాడు. సాయంత్రం యూనిఫాం విప్పి, మామూలు చొక్కా తొడుక్కుని రాబర్ట్‌సన్‌పేట పూలబజారుకి వెళ్లాడు.

"గురువారం పొద్దున్నకి పన్నెండు మూరల చామంతి దండ కావల్ల చిన్నవెంకటమ్మా" అన్నాడు.

చిన్నవెంకటమ్మ పూలు కట్టడం ఆపకుండానే నవ్వింది.

"కట్టిస్తాను లేప్పా, పోయిన తూరి మీరు మంగళవారానికి దండ చెప్పి అట్ల పోతానే మా తమ్ముడు శశికి ఫోన్ చేసినాను, ఆ సారు దండ చెప్పినాడంటే పెద్ద బండి వస్తాదిరా, బేతమంగళ మలుపులో నిలబడుకో, నీ వీడియోకి బాగుంటాదని."