మల్లయ్య సార్ తెచ్చిన బ్రేక్ ఆయిల్

2018 ఫిబ్రవరి పదకొండున మల్లయ్య సార్ తాను చేసిన పచ్చిపులుసుతో అన్నం తిన్నారు. మొదటి ముద్ద చప్పగా ఉన్నా, ఉప్పు వేశానని భార్య ఇంద్రమ్మతో వాదించారు. లేచి మంచినీళ్లు తాగి వచ్చేసరికి రుచి కుదిరింది. ఆమె పోయిన తర్వాత కూడా, ఆ వాదనలో గెలిచింది తానేనని ఆయన నమ్మకం.

ఇన్నేళ్ల తర్వాత, ఈ సాయంత్రం మనవరాలు శ్రేయ సైకిల్ తోసుకుంటూ, రొప్పుతూ వికారాబాద్‌లోని మల్లిక రిపేరు దుకాణానికి వచ్చారు.

“మల్లికా, కొంప మునిగింది! పొద్దున నేను తెచ్చి పోయమన్న కారు బ్రేక్ ఆయిల్ ఈ సైకిల్ ఆయిల్ బ్రేకుకు పడదు. లోపలి రబ్బరు ఉబ్బిపోతది. ‘మినరల్ ఆయిల్ మాత్రమే’ అని బ్రేకు మీదనే రాసి ఉంది. రేపు శ్రేయ దీని మీద అనంతగిరి ఘాటు రోడ్డు దిగుతది!”

“పొద్దున నేను అడిగితే ఏమన్నరు సార్?”

“ముప్పై ఏండ్లు కెమిస్ట్రీ చెప్పిన, నాకే నేర్పుతవా అన్న.”

మల్లిక నవ్వి, ఆయన తెచ్చిన సీసా తీసి చేతిలో పెట్టింది. దాని సీలు కూడా విప్పలేదు.

“మినరల్ ఆయిలే పోసిన సార్. సీసా తెరిచేముందు లేబుల్ చదవాలని క్లాసుల చెప్పింది మీరే గదా.”

“మరి గప్పుడే చెప్పొద్దా?”

“పదిమంది ముంగట మా సారుది తప్పని ఎట్లంట?”

ఆయన బ్రేకు నొక్కారు. చక్రం ఠక్కున ఆగింది. సార్ కూడా ఆగిపోయారు.

“ఆ దినం ఉప్పు మా ఇంద్రమ్మనే వేసింది,” అన్నారు మెల్లగా.

“ఏం ఉప్పు సార్?”

“ఏం లేదు బిడ్డా. పొద్దువోయింది, దుకాణం కట్టెయ్.”

మల్లిక ఆయన మలుపు తిరిగేదాకా చూసి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.