తొమ్మిది గుడ్డలు

"మళ్లీ పీకేశావా?" ఇల్లుగా మార్చుకున్న వ్యానులో, సిలిండర్ అర ముందు గొంతుక్కూర్చున్న మామగారు కోడలి మీద ఇంతెత్తున లేచాడు. "బొద్దింకలు అర అడుగునున్న ఈ చిల్లులోంచే వ్యానులోకి ఎక్కుతున్నాయి, గుడ్డ తియ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"మూయకూడదని అక్కడే రాసుంది మావయ్యగారూ. నేనూ చెప్పాను."

"రాసినవాడొచ్చి బొద్దింకల్ని తోలతాడా? నువ్వు అడుగుపెట్టాకే ఈ పీడంతా!"



సిలిండర్ పది రోజులకే ఖాళీ అవుతోందని పిలిపించిన మెకానిక్, ఇద్దరి మధ్య నుంచి చెయ్యి దూర్చి గ్యాసు గొట్టానికి సబ్బునురగ రాశాడు. ఒకచోట బుడగలు పొంగాయి.

"గొట్టం చిట్లింది. ఎన్నాళ్ల నుంచో లీకవుతోంది," అన్నాడు. "గ్యాసు గాలికన్నా బరువు. అది కిందికి దిగిపోవడానికే ఈ చిల్లు. మూసుంటే వ్యానంతా నిండేది. పొద్దున్నే పొయ్యి వెలిగించేదెవరు?"

వెలిగించేది మామగారే. కోడలి చేతి టీ తాగనని ఆర్నెల్లుగా ఆయన పంతం.

మెకానిక్ గొట్టం మార్చాడు. "బొద్దింకలకి ఇనప జాలీ చాలు," అంటూ చిల్లుకి బిగించి వెళ్లిపోయాడు.

కోడలు సొరుగు లాగి, ఉతికి మడతపెట్టిన గుడ్డలు తెచ్చి ఆయన ముందు పడేసింది. తొమ్మిది.

"మీరు కుక్కినవే."

మామగారు వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తర్వాత ఎప్పటి విసురుతోనే అన్నాడు.

"టీ పెట్టు."