నవ్వితేనే తెరుచుకునే ఎక్స్‌రే

రాష్ట్రంలోని ఆసుపత్రుల ఎక్స్‌రేలన్నీ ఒకే కంప్యూటరులో చేరాక, సిబ్బంది సంతృప్తిని కొలిచే పని కూడా దానికే అప్పజెప్పారు. డాక్టరు నవ్వితే ఎక్స్‌రే తెరుచుకుంటుంది, మూతి ముడిస్తే మూసుకుపోతుంది.

పార్వతీపురం డాక్టరు హైమావతికి పొద్దుటి నుంచి ఇకిలించీ ఇకిలించీ దవడలు పీకుతున్నాయి. ఎదురుగా పైడమ్మ, దగ్గుతున్న మొగుణ్ణి పట్టుకుని కూర్చుంది. హైమావతి పళ్లు బయటపెట్టింది. ఊపిరితిత్తిలో నిమ్మకాయంత గడ్డ కనబడింది. ఆమె ముఖం వాడిపోగానే ఎక్స్‌రే మాయమైంది. గడ్డ ఎంతవరకూ పాకిందో చూడాలి కదా, ఖర్మ అనుకుని మళ్లీ నవ్వింది.

"డాక్టరమ్మ అంతలా నవ్వుతున్నారంటే నీకేటీ నేదయ్యా!" అంటూ పైడమ్మ మొగుడి వీపు నిమిరింది.

హైమావతి కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వు మాత్రం వదల్లేదు. తెర మీద అక్షరాలు మెరిశాయి: "ఆనందబాష్పాలు నమోదయ్యాయి. మీ సంతృప్తికి ధన్యవాదాలు."