గట్టి సీటు

"మా అమ్మాయికి సీటొచ్చింది" అని అత్తగారు వీధంతా చెప్పుకొచ్చింది.

"ఈ వయసులోనా? మెడిసిన్లోనా?" అని అడిగారు విన్నవాళ్ళు.

"కాదు, వ్యానులో" అంది అత్తగారు.

అల్లుడు నవ్వలేదు. అతను నవ్వి చాలా కాలమైంది. అతను పనిచేసిన ఇంజన్ల షాపు ఒక ఒప్పందం దెబ్బకి మూతపడింది. సుంకం లేని పరాయి ఇంజన్లు దిగాయి, వీళ్ళు దిగిపోయారు. టీవీలో ఇద్దరు మంత్రులు చేతులు కలిపారు, ఊళ్ళో సగంమంది చేతులు ఖాళీ అయ్యాయి. అప్పట్నుంచీ అతను ఇంట్లో కుర్చీకి ఐదో కాలులా ఉండిపోయాడు. కోపం లేదు, ఏడుపు లేదు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే పెట్టలేదని గమనించలేదు.

భార్యకి ఉద్యోగమొచ్చిందీ ఒప్పందం పుణ్యానే. ఇది రెండో ఒప్పందం. ఊరి చివర గేటు దాటితే పొరుగుదేశం. ఆ గేటు దాటే వ్యానులో వెనక సీట్లుంటే అది మనుషుల బండి, సుంకం నామమాత్రం. సీట్లు లేకపోతే సరుకుల బండి, సుంకం నడ్డి విరిగేంత. దాంతో ఊళ్ళోని వ్యాన్ల ఫ్యాక్టరీ, అవతలికి అమ్మే ప్రతి వ్యానుకీ సీట్లు వేయించడం మొదలుపెట్టింది. వేసే చేతులు కావాలి కాబట్టి ఆడవాళ్ళని కూడా కొత్తగా తీసుకుంది.

కొన్నాళ్ళకి అతనికీ గేటు అవతలి యార్డులో పని దొరికింది. పొద్దున పాసు చూపించి విదేశం వెళ్తాడు, సాయంత్రం అన్నానికి స్వదేశం వస్తాడు.

"ఏం పనండీ?" అని అడిగింది భార్య, మొదటిరోజే.

"దించే పని."

లారీల మీంచి బండ్లు దించడం కాబోలనుకుంది. అతను కాదనలేదు.

ఇప్పుడు ఇద్దరికీ కుడి మణికట్టే నొప్పి. రాత్రి భోజనాలయ్యాక ఒకే డబ్బాలో మందు తీసుకుని ఒకరికొకరు రాసుకుంటారు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంతసేపు చేతులు పట్టుకుని కూచోలేదని అత్తగారు గోడవైపు తిరిగి గొణుక్కుంటుంది.

"శుక్రవారం తేలుస్తారట" అంది భార్య ఆ రాత్రి. "ఎవరు ఉండాలో, ఎవరు ఊడాలో. సీటు వదులుగా ఉందని అవతల్నుంచి ఒక్క మాటొచ్చినా ఇంటికేనట."

"ఎవరి సీటో వాళ్ళకెలా తెలుస్తుంది?"

"అడుగున సుద్దతో గుర్తు పెడతాం కదా. నాది పసుపు చుక్క."

అతను మందు రాయడం ఆపాడు. మళ్ళీ రాశాడు.

"బోల్టులు మరీ అంత బిగించకు. చెయ్యి చూడు, ఎలా వాచిందో."

"బావుంది. పిల్లలు కూచుంటారండీ. కరెంటు గన్నుతో బిగించాక, పానాతో ఇంకో పట్టు పడితేగానీ నాకు మనసొప్పదు."

"ఆ ఇంకో పట్టు మానెయ్యి."

"మానేస్తే వదులవుతుంది. వదులైతే నన్ను వదిలేస్తారు." ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "నా ఉద్యోగం ఉండటం మీకిష్టం లేదా?"

"ఇష్టమే."

"మరి?"

అతను డబ్బాకి మూత పెట్టాడు. చాలా గట్టిగా పెట్టాడు.

"మా మేస్త్రీ గొడవ చేస్తున్నాడు. నా పని నెమ్మదిగా సాగుతోందట" అన్నాడు.

"మీరెప్పుడు పరిగెత్తారు గనక" అంది అత్తగారు, నిద్రపోతున్నదనుకున్న మనిషి.

భార్యకి నవ్వొచ్చింది. నవ్వులోనే ఏదో గుర్తొచ్చింది.

"నాకు మతిమరుపు వస్తోందండీ. ఇవాళ ఒక సీటు తిరగేస్తే అడుగున పసుపు చుక్క అప్పటికే ఉంది. నేనెప్పుడు పెట్టానో గుర్తేలేదు."

"అలసిపోయుంటావు."

"అయినా ఆ వ్యాన్లకి వెనక కిటికీలే లేవు. పాపం, పిల్లలు బయటికి ఎలా చూస్తారో."

అతను లేచి దీపం ఆర్పాడు.

శుక్రవారం సాయంత్రం ఆమె చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చింది.

"ఉంచారు" అంది. "పర్మనెంటు."

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. "నే చెప్పలా, సీటు ఖాయమని."

"సూపర్‌వైజరేమన్నాడో తెలుసా? అవతలి యార్డువాళ్ళు పసుపు చుక్క సీట్ల గురించి ఒకటే మొత్తుకుంటున్నారట, అంత గట్టిగా ఉన్నాయట. గట్టిగా ఉంటే వాళ్ళకి మొత్తుకోవడమెందుకో నాకర్థం కాలేదు." భర్తవైపు తిరిగింది. "మీరు ఆ యార్డులోనే ఉంటారుగా. నిజమేనా?"

"నిజమే" అన్నాడు అతను. "నీ సీట్లంత గట్టివి ఎవరివీ లేవు."

"మీరు చూశారా?"

"చూశాను."

ఆమె అతని పక్కన కూచుంది. చాలారోజుల తర్వాత అతని భుజం మీద తల పెట్టింది. అతను కదల్లేదు. భుజం తనదేనా అన్నట్టు ఒకసారి దానికేసి చూసుకున్నాడు.

"మీ చేతికి మందు రాస్తాను, ఇవ్వండి" అంది.

ఇచ్చాడు.

మర్నాడు పొద్దున అతను పాసు చూపించి గేటు దాటాడు. మేస్త్రీ వాచీ చూపించి ఏదో అన్నాడు, అతను విన్నాడో లేదో తెలియలేదు. మనుషుల బండి సుంకం కట్టి గేటులోంచి వచ్చిన మొదటి వ్యాను అతని ముందు ఆగింది. వెనక తలుపు తీశాడు. వంగి చూశాడు. అడుగున పసుపు చుక్క.

అతను పానా తగిలించి, భార్య బిగించిన బోల్టులన్నీ ఒక్కొక్కటే విప్పి, సీటు ఊడదీసి, మళ్ళీ బిగించడానికి ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళే లారీలో పడేశాడు.