జయచంద్ర తీసిన సీనరీ

“లోపలికి రావయ్యా. ఈ చలికి కొయ్యబారిపోతావు” అంది కళావతి, పడవ పైఅంతస్తు మెట్ల మీద నిలబడి.

“సీనరీ తీస్తాండా. నువ్వు పో” అన్నాడు ఆమె మొగుడు జయచంద్ర. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

డిసెంబరు పొద్దు. పాపికొండల మధ్య గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. యాత్రకొచ్చినవాళ్లు దాదాపు అందరూ కింద వేడి ఉప్మా ముందు చేరారు. ధర్మవరంలో, తన పట్టుచీరల కొట్లో ఫ్యాను కాస్త జోరుగా తిరిగితేనే తుమ్మే మనిషి, ఇప్పుడు వణుక్కుంటూ ఫోను పట్టుకుని కొండలకు గురిపెడుతున్నాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయనకు ప్రకృతి మీద ప్రేమ పుట్టడం కళావతి ఇదే చూడటం.

పడవ అంచున, కొండలకు అడ్డంగా ఎవరో ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడ ఎడమకు జరిగితే జయచంద్రా జరిగాడు. ఆవిడ కూర్చుంటే ఈయన గొంతుక్కూర్చున్నాడు.

కళావతికి ఒళ్లు మండింది. వెళ్లి ఫోను లాక్కుంది. నలభై ఫొటోలు. ఒక్కదాంట్లోనూ కొండ లేదు, ఆవిడ మొహమూ లేదు. అన్నీ చీర అంచులే.

“ఆ అంచు చూడు” గొంతు తగ్గించి అన్నాడు జయచంద్ర. “తల తిప్పి చూసే చిలకలు. మన ఊర్లో ఎవురన్నా నేసినారా? ఈ పెండ్లిండ్లకు ఇట్లాంటిది దించకపోతే కొట్టు మూసుకోవాల్సిందే.”

అది నిజమే. రెండేళ్లుగా ఆయన ఏరికోరి నేయించిన చీరలన్నీ అల్మారాల్లోనే పడి ఉన్నాయి. జనమంతా ఎదురు కొట్టుకు పోతున్నారు. కళావతికి మొగుడి మీద జాలేసింది.

“యాడ కొనిందో అడిగొద్దునా?”

“పట్టుచీరలు అమ్మేవాణ్ని, నేను అడగడమా? పరువు పోతాది.”

కళావతి తన శాలువా తీసి ఆయనకు కప్పింది. ఆ తర్వాత ఆవిడను మాటల్లో పెట్టి, కొంగు ఇటువైపు తిరిగేలా నిలబెట్టింది. జయచంద్ర ఇంకో పాతిక తీసుకున్నాడు.

మూడో రోజు ధర్మవరంలో, కారే ముక్కు తుడుచుకుంటూ తిప్పన్నను కొట్టుకు పిలిపించాడు. తిప్పన్న పదేళ్లుగా ఆయనకే మగ్గం నేస్తున్నాడు.

“చూడప్పా, బయట ఎట్లా నేస్తాండారో. మీరూ ఉండారు, చెప్పింది నేసేదే గానీ సొంత బుర్ర వాడేది లేదు. ఈ అంచు నేయగలవా?”

తిప్పన్న ఫోను అందుకుని ఒక్కో ఫొటో నిదానంగా చూశాడు.

“నేస్తానన్నా.”

“అచ్చం ఇట్లనే రావల్ల. పోగు తేడా రాకూడదు.”

“రాదు.”

“అంత నమ్మకమేందప్పా?” నవ్వాడు జయచంద్ర.

తిప్పన్న ఫోను తిరిగి ఆయన చేతిలో పెట్టాడు.

“నిరుడు నువ్వు మడతైనా ఇప్పకుండా వద్దన్న చీరే ఇది.”