టీవీ ఆగిన ఇల్లు

మిల్లు కాలనీలో ఇల్లు ఉచితం, గోడలో టీవీ కూడా ఉచితమే. ఆపే బటన్ మాత్రం లేదు. ఇంట్లో చావు జరిగితే టీవీ ఆపడం మనకు పాత మర్యాద. కంపెనీ దొంగలు దాన్నే చట్టం చేశారు: చావు రాయించిన ఇంట్లో పదకొండు రోజులు టీవీ ఆగుతుంది, మిగతా ఇళ్లలో అది రేయింబవళ్లు మొత్తుకోవాల్సిందే.

"తలకాయ పల్గుతున్నది బిడ్డా, ఒక్క పూటన్న దాని నోరు మూపియ్యి" అని అత్త నర్సవ్వ నెల రోజులుగా ఏడుస్తోంది. కోడలు స్వరూప మూడు సంతలు గాలించి, ఏ టీవీనైనా ఆపే అగ్గిపెట్టెంత రిమోట్ పట్టుకొచ్చి నొక్కింది. గోడ నల్లబడింది. నర్సవ్వ హాయిగా నిద్రపోయింది.

గంటలో కంపెనీ మనిషి వచ్చాడు.

"టీవీ బందైంది. ఎవరు పోయిన్రమ్మా?"

"ఎవ్వరు పోలే సారూ. రిమోట్‌తోని నేనే బంద్ జేసిన."

"గట్లనకు. రిమోట్ ముచ్చట రాస్తే ఇల్లు గుంజుకుంటరు. ఒకరు సచ్చిన్రని రాపియ్యి, అయిపాయె. ఆ పేరు మీద ఇగ బియ్యం రావు, మందులు రావు. గంతే."

ఇంట్లో ఉన్నది నలుగురే. తన పేరు చెబితే మిల్లు పని పోతుంది. మిగతా ఇద్దరూ పిల్లలు.

"నర్సవ్వ" అంది స్వరూప.

"అయితే శవం వేలిముద్ర గావాలె."

స్వరూప అత్త బొటనవేలిని మెల్లగా పట్టుకుని అతని యంత్రం మీద ఒత్తింది. నర్సవ్వ కళ్లు తెరవకుండానే కోడలి చేతిని నిమిరింది.

"సల్లగుండు బిడ్డా" అంది.